ఒక ప్రశ్నకు జవాబు రాకపోతే జావా వదిలేయాలా?

ప్రశ్న: బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో జావా కోర్సు చేశాను. మాదాపూర్‌లో ఒక ఇంటర్వ్యూలో, 'ఒకే జార్ టామ్‌క్యాట్ లిబ్ ఫోల్డర్‌లోనూ, మీ వార్ ఫైల్‌లోనూ ఉంటే ఏమవుతుంది?' అని అడిగారు. (జార్ అంటే జావా కోడ్‌ను కట్టగట్టిన ఫైల్, టామ్‌క్యాట్ అంటే జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్, వార్ అంటే అప్లికేషన్ మొత్తాన్ని ప్యాక్ చేసిన ఫైల్.) నోరు పెగల్లేదు. జావా మానేసి డేటా సైన్స్‌లో చేరమని నాన్న అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇంకో ఫీజు కట్టకండి, ఇప్పుడే వద్దు. మిమ్మల్ని అడిగింది కోచింగ్ నోట్సులో దొరికే ప్రశ్న కాదు. ప్రాజెక్టులో దెబ్బతిన్నవాళ్లు అడిగే ప్రశ్న.

జేవీఎం, అంటే జావా ప్రోగ్రాములను నడిపే సాఫ్ట్‌వేర్, క్లాస్‌ను పేరుతో మాత్రమే గుర్తుపట్టదు, దాన్ని ఏ క్లాస్ లోడర్ (క్లాసులను మెమరీలోకి తెచ్చే భాగం) తెచ్చిందో కూడా చూస్తుంది. పేరు ఒకటే అయినా ఇంటిపేర్లు వేరైన ఇద్దరు మనుషుల్లాంటి వ్యవహారం. మామూలుగా జావాలో లోడర్ ముందు తన పేరెంట్‌ను, అంటే తన పైనున్న లోడర్‌ను అడుగుతుంది. టామ్‌క్యాట్ మాత్రం జావా సొంత క్లాసుల్లాంటి కొన్నింటిని పక్కన పెడితే, ముందు మీ అప్లికేషన్ లోపలి జార్లనే వెతుకుతుంది. అందుకే రెండుచోట్లా ఉన్న ఒకే క్లాస్ రెండు వేర్వేరు క్లాసులవుతుంది. ఉదాహరణకు, లిబ్ ఫోల్డర్‌లోని షేర్డ్ జార్ తయారుచేసి ఇచ్చిన 'ఆర్డర్' ఆబ్జెక్ట్‌ను మీ కోడ్ తన 'ఆర్డర్'గా క్యాస్ట్ చేయబోతే (ఆ రకంగా వాడుకోబోతే) క్లాస్‌క్యాస్ట్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ వస్తుంది. ఆర్డర్‌ను ఆర్డర్‌గా మార్చలేనని ఆ మెసేజ్ చూస్తే ఎవరికైనా పిచ్చెక్కుతుంది!

పరిష్కారం చిన్నదే: ఆ జార్ ఒక్కచోటే ఉండాలి. సర్వర్‌లో ఉంచదలిస్తే మావెన్‌లో (ప్రాజెక్టుకు కావలసిన జార్లను తెచ్చి బిల్డ్ చేసే టూల్) దాని స్కోప్ 'ప్రొవైడెడ్' అని పెట్టండి, అప్పుడు వార్‌లోకి రాదు. ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు తప్పనిసరైతే మావెన్ షేడ్ ప్లగిన్‌తో ఒకదాని ప్యాకేజీ పేరు మార్చేస్తారు.

దీన్ని చదివి బట్టీ పట్టొద్దు. మీ ల్యాప్‌టాప్‌లో ఈ గొడవ మీరే తెచ్చిపెట్టుకోండి. 'వెర్బోస్ క్లాస్' ఆప్షన్‌తో రన్ చేస్తే ఏ క్లాస్ ఎక్కడి నుంచి లోడయిందో కనిపిస్తుంది. ఏ జార్ ఏ జార్‌ను తెస్తోందో చూపే మావెన్ డిపెండెన్సీ ట్రీ కూడా తీయండి. రెండు వెర్షన్లు తగిలితే మావెన్ కొత్తదాన్ని కాదు, ట్రీలో మీ ప్రాజెక్టుకు దగ్గరున్నదాన్ని తీసుకుంటుంది. పిలిచిన మెథడ్ లేదని చెప్పే చాలా 'నో సచ్ మెథడ్' ఎర్రర్లకు మూలం అక్కడే ఉంటుంది.

ఇక నాన్నగారి మాట. స్టాటిస్టిక్స్ అంటే మీకు నిజంగా ఇష్టముంటే డేటా సైన్స్ మంచిదే. ఈ ఇంటర్వ్యూ భయంతో మాత్రం వెళ్లొద్దు, అక్కడా ఇలాంటి ప్రశ్నలు అడిగేవాళ్లుంటారు. రెజ్యూమెలో 'క్లాస్ లోడర్లలో నిపుణుడు' లాంటివి రాయకండి. తెచ్చిన ఎర్రర్, పట్టుకున్న తీరు ప్రాజెక్ట్ కింద రెండు లైన్లలో రాయండి, చాలు.