యాంటిగనీలో నాకు కాపలావాడే గుర్తుంటాడు

"యాంటిగనీ నాటకంలో మనస్సాక్షికీ రాజ్యాధికారానికీ వచ్చిన గొడవలో న్యాయం ఎవరి పక్షాన ఉంది? ఎథిక్స్ పేపర్ కోసం" అని అడిగారు. న్యాయం యాంటిగనీదే, అందులో రెండో మాట లేదు. ఇద్దరిదీ సగం సగం న్యాయమే అని జర్మన్ తత్వవేత్త హెగెల్ పేరు చెప్పి కోచింగ్ నోట్సులన్నీ ఒకేలా అచ్చేస్తున్నాయి. ఆ వాక్యం మాత్రం దయచేసి దించకండి.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. గ్రీకు నగరం థీబ్స్ సింహాసనం కోసం ఒకప్పటి రాజు ఈడిపస్ కొడుకులిద్దరూ ఒకరి చేతిలో ఒకరు చచ్చారు. మేనమామ క్రేయాన్ రాజయ్యాడు. ఊరి పక్షాన పోరాడినవాడికి సకల లాంఛనాలతో అంత్యక్రియలు చేయించి, పరాయి సైన్యంతో దండెత్తి వచ్చిన పాలినీసిస్ శవాన్ని మాత్రం కుక్కలకీ గద్దలకీ వదిలెయ్యమన్నాడు. పూడ్చినవాళ్లని రాళ్లతో కొట్టి చంపుతామని చాటింపు వేయించాడు. చెల్లెలు యాంటిగనీ వెళ్లి శవం మీద మట్టి వేసింది. గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ ఇది క్రీ.పూ. 441 ప్రాంతంలో రాశాడు.

దీన్ని చట్టానికీ మనస్సాక్షికీ పోరాటం అనేవాళ్లు ఒక సంగతి పట్టించుకోరు. శత్రుసైన్యం పారిపోయింది ఆ రాత్రే. నాటకం మొదలయ్యేది తెల్లవారుజామున. అంటే ఆ చాటింపుకి నిండా ఒక్క రోజు వయసు కూడా లేదు. వేయించినవాడు గద్దెనెక్కీ అంతే. దాన్ని చట్టమని ఎలా అంటాం? నాటకం చూసిన ఏథెన్స్ జనానికి ద్రోహుల శవాల సంగతి కొత్త కాదు. వాళ్ల ఊళ్లోనూ ద్రోహిని ఏథెన్స్ మట్టిలో పూడ్చనిచ్చేవాళ్లు కాదు. అయితే ఎల్లలు దాటించి తీసుకుపోయి పూడ్చుకోవచ్చు. అసలు ఎవరూ ఎక్కడా పూడ్చకూడదనీ, శవం కళ్లముందే కుళ్లాలనీ అన్నది క్రేయాన్ కొత్తగా తగిలించిన ముక్క. అధికారం భయపడినప్పుడల్లా ఉన్న నిబంధనకి ఇలాంటి ముక్క ఒకటి తగిలిస్తుంది. అన్యాయమంతా ఆ ముక్కలోనే ఉంటుంది. ఇది నేను పుస్తకం చదివి అంటున్న మాట కాదు.

నేను మున్సిపాలిటీ ప్రజారోగ్య విభాగంలో పనిచేశాను. 2020లో కోవిడ్ శవాలు పూడ్చే డ్యూటీ పడింది. ఊరి చివర స్థలం, జేసీబీతో తీసిన గొయ్యి, కిట్లు తొడుక్కున్న మా కుర్రాళ్లు నలుగురు. ఎవరినీ గేటు దాటి రానివ్వద్దని పైనుంచి ఫోన్‌లో చెప్పారు. కాగితం లేదు. ఆ ఏడాది మార్చిలోనే కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు నా దగ్గరున్నాయి. శవాన్ని ముట్టుకోకుండా చేసే కర్మలు చేసుకోవచ్చని, సిబ్బంది సంచీ జిప్పు కొంచెం తీసి ఆఖరి చూపు కూడా చూపించవచ్చని అందులో స్పష్టంగా ఉంది. కానీ భయం కొద్దీ ఊరూరా నోటిమాటతో వేరే రూలు నడిచింది.

ఒక పెద్దాయన శవం వచ్చింది. కూతురు ఒక్కతే ఆటోలో వెనకాలే వచ్చి గేటు దగ్గర నిలబడింది. ముఖం చూపించమని కూడా అడగలేదు. "మూడు గుప్పెళ్లు మట్టేసి ఎల్లిపోతా సార్" అంది. పైనుంచి ఆర్డరమ్మా అన్నాను. ఇంతలో జేసీబీ ఆగిపోయింది. డ్రైవరు ఇంజన్ కట్టేసి కిందికి దిగాడు. "ఆయమ్మ ఎయ్యకుండా నేను పూడ్చను సార్. కావాలంటే ఇంకో బండి పిలిపించుకోండి" అన్నాడు. అతను రోజు కిరాయికి వచ్చిన మనిషి, ఆ పూట బాడుగ పోతే పోయినట్టే. నేను గేటు తీశాను. ఆమె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మేం చూపించినంత దూరంలో నిలబడి మట్టి వేసింది. వేసిన ప్రతిసారీ నాన్నా అని పిలిచింది. దింపుడు కళ్లం దగ్గర పిలవాల్సిన పిలుపది. ఆ రోజుల్లో ఎవరికి దక్కింది దింపుడు కళ్లం? ఆమె వెళ్లాకే డ్రైవరు బండెక్కాడు.

మర్నాడు నాకు మెమో వచ్చింది. ఆదేశమేమో నోటిమాట, సంజాయిషీ మాత్రం కాగితం మీద కావాలి! మన ఆఫీసుల్లో నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పైవాళ్లు చెప్పేవన్నీ ఫోన్లలో చెబుతారు, కింద మనం రాసేవన్నీ ఫైల్లో ఉంటాయి. మార్గదర్శకాల కాపీ జతచేసి జవాబిచ్చాను. దాని మీద మళ్లీ ఉలుకూ పలుకూ లేదు.

ఆ తర్వాత డిగ్రీలో చదివిన యాంటిగనీ మళ్లీ తీస్తే, చదువుకునే రోజుల్లో గబగబా తిప్పేసిన కాపలావాడి పేజీల దగ్గర ఆగిపోయాను. పేరు కూడా లేని పాత్ర. శవం మీద ఎవరో మట్టి చల్లారన్న కబురు రాజుకి ఎవరు చెప్పాలా అని కాపలావాళ్లు చీట్లు వేసుకుంటారు. చీటీ ఇతనికి పడుతుంది. దారిపొడుగునా ఆగుతూ, వెనక్కి తిరుగుతూ వస్తాడు. గడ్డపార వేసిన గుర్తు లేదు, బండి చక్రం జాడ లేదు, పైపైన సన్నటి దుమ్ము మాత్రమే ఉందంటాడు. డబ్బు తిని వదిలేశారని రాజు వాళ్లనే తిడతాడు. వెళ్లి ఆ దుమ్మంతా ఊడ్చేసి, వాసన తగలకుండా గాలి వాలు చూసుకుని గుట్ట మీద కూర్చుంటారు. మిట్టమధ్యాహ్నం సుడిగాలి లేచి తగ్గాక చూస్తే యాంటిగనీ అక్కడ ఉంటుంది. ఖాళీ గూడు చూసిన పక్షిలా ఏడుస్తూ, చేతులతో మట్టి వేసి, కంచు పాత్రతో ముమ్మారు తర్పణం వదులుతుంది. పట్టుకుంటే బెదరదు, ఏదీ కాదనదు.

ఆమెని అప్పగించేటప్పుడు కాపలావాడు ఏమంటాడంటే, ఇది నాకు సంతోషంగానూ ఉంది, బాధగానూ ఉంది. మనవాళ్లని ఆపదలోకి లాగడం కష్టమే గానీ నా ప్రాణం కంటే నాకేదీ ఎక్కువ కాదు అంటాడు. మొత్తం నాటకంలో నన్ను ఇంతగా పట్టుకున్న మాట ఇంకొకటి లేదు. అతనికి మనస్సాక్షి లేక కాదు. తప్పని తెలుసు, బాధ ఉంది, అయినా అప్పగించాడు. క్రేయాన్ చాటింపు నిలబడిందంటే ఇతని చేతుల మీదే నిలబడింది. తనంతట తాను వెళ్లి ఆ దుమ్ము ఊడ్చింది రాజు కాదుగా!

ఊరి పెద్దలు ఇంకా ఘోరం. క్రేయాన్ తన నిర్ణయం చెబితే, చచ్చినవాళ్ల మీదైనా బతికున్న మా మీదైనా ఏ శాసనమైనా చేసే అధికారం నీకుంది అంటారు. అది అమలయ్యేలా చూడండి అంటే, ఆ బరువు మాకంటే చిన్నవాళ్లకి అప్పగించమంటారు. ఇలాంటి మీటింగుల్లో నేను కూర్చున్నాను. ఆ గొంతులు నాకు తెలుసు.

క్రేయాన్ సూత్రాలు మంచివే కదా అని మీరనొచ్చు. అవును, మంచివే. స్నేహం కంటే దేశం గొప్పదని మొదట్లో అతను చేసే ప్రసంగాన్ని క్రీ.పూ. 343లో ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ తన ప్రత్యర్థి ఎస్కినీస్ మీద నడిపిన కేసులో చదివించాడు, పాలకుడి ధర్మానికి ఉదాహరణగా. ఒకప్పుడు నటుడిగా క్రేయాన్ వేషం కట్టిన ఎస్కినీసే ఆ మాటలు మరిచాడని ఎత్తిపొడుపు. పోస్టర్ మీద వేసుకోవడానికి పనికొచ్చే మాటలే అవి. కన్నకొడుకు హేమన్ వచ్చి, ఊరంతా ఆ పిల్ల కోసం గుసగుసగా ఏడుస్తోంది నాన్నా, ఒక్కడి సొత్తయితే అది ఊరే కాదు అని చెబితే వినే ఓపిక మాత్రం ఆ సూత్రాలు నేర్పలేదు.

మీ జవాబులో ఒక్క సన్నివేశానికే చోటుంటే చివరిది తీసుకోండి. జోస్యుడు టైరీషియస్ హెచ్చరించాక క్రేయాన్ దిగివస్తాడు. ముందు నువ్వు బతికుండగానే గుహలో మూయించిన పిల్లని విడిపించు, తర్వాత శవానికి సమాధి కట్టు అని పెద్దలు వరస చెప్పి మరీ పంపుతారు. వాళ్లు నోరు తెరిచి చెప్పిన మంచి మాట అదొక్కటే. అతను ముందు శవం దగ్గరికి వెళ్తాడు. మిగిలినదాన్ని కడిగించి, కొమ్మలతో దహనం చేయించి, ఎత్తుగా మట్టిదిబ్బ వేయించి, అప్పుడు గుహకి వెళ్తాడు. అప్పటికే యాంటిగనీ ఉరేసుకుంది. పెళ్లాడాల్సిన హేమన్ తండ్రి ముఖాన ఉమ్మి, కత్తి దూసి, గురి తప్పాక అదే కత్తితో పొడుచుకున్నాడు. ఆ వరస ఎందుకు తిరగబడిందో సోఫోక్లిస్ చెప్పడు. నాకైతే సందేహం లేదు. తన ఆదేశాన్ని తను సరిదిద్దుకోవడమే ఆ మనిషికి ముందు కనిపించింది, లోపల ఊపిరితో ఉన్న పిల్ల తర్వాత.