సాక్ష్యం చెప్పమంటున్నారు, ఏం చెప్పాలి?

మేడమ్, నాకు 22 ఏళ్లు. మాది మల్కాజిగిరి. డాడీ రైల్వేలో పని చేస్తారు, మా చర్చి సంఘంలో పెద్ద కూడా. నేను జర్మన్‌లో ఎంఏ చేస్తున్నాను. ఎక్స్ఛేంజ్ కింద ఒక సెమిస్టర్ లైప్‌జిగ్‌లో చదివి ఫిబ్రవరి ఆఖర్లో వచ్చాను. వెళ్లే ముందు సంఘమంతా నా మీద చేతులుంచి ప్రార్థన చేశారు. అక్కడ మొదట్లో రోజూ మా వాళ్ల జూమ్ ప్రార్థనలో కలిసేదాన్ని. నవంబర్‌కల్లా మానేశాను. ఒక శుక్రవారం సాయంత్రం చలికి తట్టుకోలేక సెయింట్ థామస్ చర్చిలోకి వెళ్లి కూర్చున్నాను. మగపిల్లల కోరస్ పాడుతోంది. ఎవరూ నా పేరు అడగలేదు, ముందుకు రమ్మనలేదు. ఎవరూ చెప్పకుండా నా అంతట నేను ప్రార్థన చేసుకున్నది ఆ రోజే. తర్వాత సోమవారాలు నికోలాయ్ చర్చిలో శాంతి ప్రార్థనకు కూడా వెళ్లేదాన్ని.

నా రూమ్మేట్‌కు ఏ మతమూ లేదు. ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ 'నువ్వు ఇదంతా నిజంగా నమ్ముతావా?' అని అడిగింది. వెటకారంగా కాదు. నాకు జవాబు రాలేదు. చలికాలమంతా ఆ ప్రశ్న పట్టుకుని రాత్రుళ్లు ఒక్కదాన్నే బైబిల్లోని కీర్తనల గ్రంథం చదివాను. ఇప్పుడు మునుపటికన్నా ఎక్కువే నమ్ముతున్నానని నాకు తెలుస్తోంది. కానీ మా చర్చిలో కూర్చోలేకపోతున్నాను. మూడు గంటలు సౌండ్‌బాక్సుల మోత. కళ్లు మూసుకుని ఊరికే కూర్చుంటే చేతులెత్తమని మమ్మీ మోచేత్తో పొడుస్తుంది. 'జర్మనీ వెళ్లి చల్లారిపోయింది' అంటున్నారు డాడీ. ఒకప్పుడు ఆయన బాగా తాగేవారట. నేను పుట్టిన ఏడాది ఈ సంఘంలోకి వచ్చాకే మారారు. నానమ్మ మాత్రం ఇప్పటికీ సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చికే వెళ్తుంది. ఆవిడది మెదక్ దగ్గర పల్లె.

వచ్చే ఆదివారం నేను సాక్ష్యం చెబుతానని, అంటే దేవుడు నా జీవితంలో ఏం చేశాడో సంఘం ముందు చెబుతానని పాస్టర్ గారు ప్రకటించేశారు. సంబంధాలు కూడా చూస్తున్నారు. ఉన్నది చెబితే డాడీ తల దించుకోవాలి. అందరూ చెప్పేదే చెబితే అది అబద్ధం. ఏం చేయను?

– ఒక సోదరి, సికింద్రాబాద్

ముందు ఆదివారం సంగతి చూద్దాం. ఈ ఆదివారం మీరు మైకు పట్టుకోవద్దు. మీరు చెప్పేది తప్పని కాదు. మీ డాడీ ఆ మాటలు మొదటిసారి వినేది సంఘం మధ్యలో, ముందు వరస కుర్చీలో, అందరూ ఆయన ముఖం వంక చూస్తుండగా కాకూడదు. ఇంట్లో చెప్పాల్సినదాన్ని సభలో చెబితే, మాట ఎంత మంచిదైనా, ఆయనకు అది దెబ్బలాగే తగులుతుంది. సాక్ష్యం వాయిదా వేస్తే అబద్ధమాడినట్టు కాదు. ఎలా వేయాలో చివర్లో చెబుతాను.

నేను క్రైస్తవురాలిని కాను, మీ సిద్ధాంతాల జోలికి రాను. కానీ ఈ కథ నాకు కొత్తది కాదు. అమెరికా వెళ్లొచ్చిన కొడుకు దేవుడి గదిలోకి అడుగుపెట్టడం లేదని ఏడ్చే తల్లులు వస్తారు. అక్కడే సంధ్యావందనం మొదలుపెట్టి, వచ్చాక ఉల్లిపాయ కూడా ముట్టని కొడుకును చూసి బెదిరిపోయిన తల్లులూ వస్తారు. లండన్‌లో చదువుకుని హిజాబ్ మొదలుపెట్టిన కూతురి గురించి కంగారుపడుతూ మెహదీపట్నం నుంచి ఒక జంట వచ్చారు. భక్తి తగ్గినా భయమే, పెరిగినా భయమే. వాళ్లను నిజంగా బాధపెట్టేది ఒక్కటే: అంత పెద్ద సంగతి తాము పక్కన లేనప్పుడు జరిగిపోయింది. మీ డాడీ 'చల్లారిపోయింది' అన్నప్పుడు ఆయన కొలుస్తున్నది మీ భక్తిని అని నేననుకోను. జూమ్‌లో మీ పేరు కనిపించకుండా పోయిన రోజులు ఆయనకు గుర్తున్నాయి. ఆ రోజుల్లో మీకేమైందో ఇప్పటికీ ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మీకేమైందో ఉత్తరంలో మీరే రాశారు: ఎవరూ పేరు అడగలేదు. పుట్టినప్పటి నుంచి మీ ప్రార్థనకు చూసేవాళ్లున్నారు. సండే స్కూల్లో కంఠస్థ వాక్యం చెబితే చప్పట్లు, పెద్ద గారమ్మాయి కాబట్టి కూడికలో మొదటి పాట, కుటుంబ ప్రార్థనలో మీ వంతు. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడే ఊళ్లో, చూసేవాళ్లు ఒక్కరూ లేనప్పుడు, అది మీలో మిగిలి ఉందా లేదా అన్నది మీకు మొదటిసారి తెలిసింది. ఉందని తేలింది కూడా. గదిలోకి వెళ్లి తలుపేసుకుని ప్రార్థన చేయమన్న యేసు మాట మీ డాడీకి నాకన్నా బాగా తెలుసు. డాడీతో మాట్లాడేటప్పుడు అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇక మీకు నచ్చని మాట ఒకటి. మీ ఉత్తరంలో లైప్‌జిగ్ చర్చికి కోరస్ దక్కింది, మీ చర్చికి 'మోత' దక్కింది. సెయింట్ థామస్ కోరస్ 1212లో మొదలైంది. 1723 నుంచి 1750లో చనిపోయేదాకా ప్రసిద్ధ సంగీతకారుడు బాఖ్ దాన్ని నడిపించాడు. ఇప్పటికీ అది నగరం ఖర్చుతో నడిచే కోరస్. జర్మనీలో చర్చి సభ్యుల దగ్గర వాళ్ల ఆదాయపు పన్ను మీద ఇంకో 8 శాతమో 9 శాతమో చర్చి పన్నుగా ప్రభుత్వమే వసూలు చేసి ఇస్తుంది. ఎనిమిది వందల ఏళ్ల సాధన, ఆ రాతి గోడలు, ఆ డబ్బు అన్నీ కలిస్తే మీరు విన్న ఆ పాట. అద్దె హాలు మీద రేకులు, వాయిదాల్లో కొన్న కీబోర్డు, ఆదివారం చందా లెక్కపెట్టుకుని కరెంటు బిల్లు కట్టే సంఘం దగ్గర అది దొరకదు. మీకు అక్కడ నచ్చినదాంట్లో దేవుడెంతో, వసతెంతో నిదానంగా విడదీసి చూసుకోండి. రెండూ ఉంటాయి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ వసతిని కూడా విశ్వాసం ఖాతాలోనే వేసుకుంటే, మీకు తెలియకుండానే మీవాళ్లను చిన్నచూపు చూడటం మొదలవుతుంది. మమ్మీ మోచేతికి అది ముందే తెలిసిపోయినట్టుంది.

ఈసారి ఆదివారం కళ్లు తెరిచి చుట్టూ చూడండి. గట్టిగా అరిచి ప్రార్థించే ఆడవాళ్లలో ఎంతమంది మిగతా ఆరు రోజులూ ఇంట్లోగానీ పనిచోటగానీ గొంతెత్తగలరు? చెవులు నొప్పెడితే మాత్రం ఓర్చుకోనక్కర్లేదు. బాక్సులకు దూరంగా వెనక వరసలో, గుమ్మం పక్కన కూర్చోండి. అది విశ్వాస సమస్య కాదు, చెవుల సమస్య.

ఇప్పుడు డాడీ గురించి. మీరు రెండు వాక్యాల్లో తేల్చేసిన చోటే నాకు అసలు విషయం కనిపించింది. ఆయన కూడా తన తల్లి చర్చిని వదిలి వచ్చినవారే. తాగుడు మానిన కథ మీరు మైకులో ఎన్నోసార్లు విని ఉంటారు. మైకులో చెప్పే కథలో 'అప్పుడు ప్రభువు నన్ను పట్టుకున్నాడు' దగ్గర ఒక్క గంతు ఉంటుంది. ఆ గంతులో ఏముందో అడగండి. మొదటి ఆదివారం కొత్త సంఘానికి వెళ్లొస్తే నానమ్మ ఏమన్నారు? పాత చర్చిలో అయ్యగారు ఇంటికొచ్చి మాట్లాడారా? తాత ముత్తాతల చర్చి వదిలి రేకుల షెడ్డుకు పోతావా అని బంధువులు ఎగతాళి చేశారా? డాడీ ఒక్కరే ఉన్నప్పుడు, బండి తుడుచుకుంటూనో, శనివారం చికెన్ తేవడానికి ఇద్దరూ వెళ్తున్నప్పుడో అడగండి. కుటుంబ ప్రార్థన అయ్యాక అడిగారా, ఆయన మళ్లీ సాక్ష్యమే చెబుతారు.

నానమ్మనూ అడగండి. మీ ఇంట్లో ఈ బాధను ఇప్పటికే ఒకసారి మోసిన మనిషి ఆవిడే. వీలైతే ముగ్గురూ ఒక మామూలు రోజు మెదక్‌లోని పెద్ద సీఎస్ఐ చర్చికి వెళ్లి రండి. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లు ఉంటుందేమో, పొద్దున వెళ్తే సాయంత్రానికి వచ్చేయవచ్చు. ఆదివారం, క్రిస్మస్ రోజుల్లో జనం విపరీతం, అప్పుడు వద్దు. ఆ చర్చిని చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ కరువు కాలంలో కట్టించాడు. పని చేసినవాళ్లకు తిండి దొరికింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. 175 అడుగుల గంట గోపురం, లోపల రంగు అద్దాల్లో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం. ఆకలితో వచ్చి రాళ్లు మోసినవాళ్లలో నానమ్మ వైపువాళ్లు ఉన్నారో లేదో ఆవిడకే తెలియాలి. ఆ అద్దాల కింద కాసేపు ఊరికే కూర్చోండి. నిశ్శబ్దంగా కూర్చోవడం మీరు జర్మనీ నుంచి దిగుమతి చేసుకున్నది కాదని, ఈ జిల్లాలో మీ నానమ్మ చిన్నప్పటి నుంచి చేస్తున్నదేనని డాడీకి మీరు చెప్పనక్కర్లేదు. పక్కన కూర్చున్న అమ్మను చూస్తే ఆయనకే తెలుస్తుంది.

డాడీకి మీ సంగతి చెప్పే రోజున మొదటి మాట 'నేను నమ్ముతున్నాను డాడీ' అనే ఉండాలి. ఆయన భయమంతా దాని మీదే కాబట్టి అది మొదటే తేలిపోవాలి. తర్వాత ఉల్లిపాయలు తరుగుతూ ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న చెప్పండి. 'మీరైతే ఏం చెప్పేవారు?' అని ఆయన్నే అడగండి. సంఘ పెద్దను ఈ ప్రశ్న నిజంగా అడిగేవాళ్లు అరుదు. అందరూ ఆయన దగ్గరకు జవాబు ఉందన్న నమ్మకంతోనే వస్తారు.

యూరప్‌లో చర్చిలన్నీ మ్యూజియంలైపోయాయని ఆయన ప్రసంగాల్లో వినే ఉంటారు. తూర్పు జర్మనీ ప్రాంతంలో చాలామందికి ఏ చర్చితోనూ సంబంధం లేదన్న మాట నిజమే, మీ రూమ్మేటే అందుకు ఉదాహరణ. కానీ మీరు సోమవారాలు వెళ్లిన నికోలాయ్ చర్చి కథ ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. కమ్యూనిస్టు ప్రభుత్వం ఉండగానే 1982 నుంచి అక్కడ సోమవారం శాంతి ప్రార్థనలు మొదలయ్యాయి. 1989 అక్టోబర్ 9న ప్రార్థన ముగిశాక సుమారు 70,000 మంది లైప్‌జిగ్ వీధుల్లో నడిచారు. చాలామంది చేతుల్లో కొవ్వొత్తులు. కాల్పులు జరుగుతాయని అందరూ భయపడ్డారు, జరగలేదు. సరిగ్గా నెల తిరిగేసరికి బెర్లిన్ గోడ తెరుచుకుంది. నేల మీద మోకరించి ప్రార్థన చేసే మనిషికి ఈ కథ ఎక్కడ తగలాలో అక్కడే తగులుతుంది.

మాట్లాడేటప్పుడు పోలిక మాత్రం తేకండి. 'జర్మనీలో అయితే' అన్న మాటను ఇంట్లో మూడు నెలలు నిషేధించుకోండి. విదేశాల నుంచి వచ్చినవాళ్లందరికీ ఈ జబ్బు ఉంటుంది. పాల ప్యాకెట్ దగ్గర మొదలై ట్రాఫిక్ మీదుగా దేవుడి దాకా వస్తుంది. వినేవాళ్లకు ప్రతిసారీ 'మీరు చాలరు' అనే వినిపిస్తుంది.

సంఘం మారాలా అన్న నిర్ణయం ఈ ఏడాది తీసుకోవద్దు. లైప్‌జిగ్‌లో రాత్రులు మీవి, ఆ గది మీది, పిలిచేవాళ్లు లేరు. అదే కీర్తనల గ్రంథం మల్కాజిగిరి ఇంట్లో, పక్క గదిలో టీవీ మోగుతుండగా, మమ్మీ మూడుసార్లు కేకేసినా రోజూ చదవగలుగుతారా? అది చూడాలి. నెలకో ఆదివారం నానమ్మకు తోడుగా సీఎస్ఐకి వెళ్లండి. ముసలావిడను చర్చికి తీసుకెళ్తానంటే ఎవరూ కాదనరు. దానికి పెద్ద పేరు పెట్టి ప్రకటించాల్సిన పని లేదు.

ఒకటి అడగాలి, మీరు రాయలేదు కాబట్టి. నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయి? తిరిగొచ్చాక కొన్నాళ్లు దిగులు మామూలే. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు నిలవకపోయినా సైకాలజిస్టును కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. అలాంటి దిగులుకు దయ్యం పేరు పెట్టి ఉపవాస ప్రార్థనలో కూర్చోబెడతామంటే ఒప్పుకోవద్దు.

సంబంధాల విషయంలో మమ్మీ ఎందుకు కంగారుపడుతున్నారో నాకు అర్థమవుతుంది. పెద్ద గారమ్మాయి 'చల్లారిపోయింది' అన్న మాట ఒక్కసారి బయటికి వెళ్తే మూడు సంఘాలు తిరుగుతుంది. అయినా, అబ్బాయితో విడిగా మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు, నాకు రాసిన సంగతి అతనికీ చెప్పండి. చెప్పకుండా పెళ్లి చేసుకుంటే, పొడిచే మోచేయి మాత్రమే మారుతుంది.

సాక్ష్యం ఎప్పుడో ఒకప్పుడు చెప్పాల్సిందే, సంఘం మీకోసం చేతులుంచి ప్రార్థన చేసింది కదా. కష్టం, కన్నీరు, ప్రార్థన, విజయం, హల్లెలూయా అనే వరసలోనే చెప్పాలని ఏమీ లేదు. 88వ కీర్తన మీరు చదివే ఉంటారు, చివరిదాకా చీకట్లోనే ఉండి చీకట్లోనే ముగుస్తుంది. అదీ బైబిల్లోనే ఉంది. అది చదివి, 'నవంబర్‌లో నేను ఇక్కడున్నాను, ప్రార్థన మానలేదు' అని చెప్పి కూర్చోండి. జూమ్‌కు రానిది కూడా ఒప్పుకోండి, అందరికీ తెలిసిందే. రూమ్మేట్ ప్రస్తావన మాత్రం వద్దు. ఆమెను మన మైకులో నాస్తికురాలిగా నిలబెట్టే హక్కు మీకు లేదు.

పాస్టర్ గారికి ఫోన్ డాడీతో చేయించకండి, మీరే చేయండి. 'ఈ ఆదివారం వద్దు పాస్టర్ గారూ, ఈస్టర్ అయ్యాక చెబుతాను' అనండి. ఎందుకమ్మా అంటే, 'డాడీతో ఇంకా మాట్లాడలేదు' అని ఉన్న మాటే చెప్పండి.