తుపాకీ సరే, ఆ రోజు వంట ఎవరిది?

తమ్ముడూ,

గుణుపురం నుంచి నువ్వు పంపిన కథ, శ్రీకాకుళం పోరాటంలో దళంలో చేరిన అమ్మాయిది, రెండుసార్లు చదివాను. మొదటిసారి బాగుందనే అనుకున్నా. రెండోసారికి తెలిసింది, కథ మొత్తంలో ఆ అమ్మాయికి ఒక్కపూటైనా ఆకలి వెయ్యలేదు. కళ్లలో నిప్పులు, చేతిలో తుపాకీ, విరబోసిన జుట్టు (ముళ్లకంపల్లో జుట్టు విరబోసుకుని ఎవరు తిరుగుతారయ్యా!), ఆఖర్న చావు. అది కాళికాదేవి పటం.

నువ్వు పట్టుకున్నది మన గుమ్మం ముందు కథ. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, మొండెంఖల్‌లో గిరిజన సంఘం సభకు వెళ్తున్న గిరిజనుల్లో ఇద్దరిని భూస్వాముల మనుషులు కాల్చి చంపాక శ్రీకాకుళం కొండలు ఆయుధం పట్టాయి. 1969 డిసెంబరులో రంగమటియా కొండల్లో ఆ పోరాటంలో ఉన్న కవి సుబ్బారావు పాణిగ్రాహి, దళంలో ఉన్న పంచాది నిర్మల ఒకేసారి పోలీసుల చేతిలో పోయారు. ఆయన జముకుల కథ (జముకు వాయిస్తూ పాడే జానపద కథ) గురించి గంటసేపు చెప్పేవాళ్లున్నారు. ఆమె గురించి అడుగు, 'పంచాది కృష్ణమూర్తి భార్య' అని ఊరుకుంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మా పర్లాకిమిడి సంతలో చింతపండు అమ్మే ఒక ముసలామె ఉండేది. కుర్రతనంలో ఏడాదిపాటు కొండల్లో తిరిగిందట. నేను కూడా నీలాగే, తుపాకీ బరువుగా ఉండేదా అని అడిగాను. 'తుపాకీని అందరూ సూత్తారు, మా బియ్యం మూటలెవులు సూసినారమ్మా' అంది. తర్వాత తనే చెప్పుకొచ్చింది: వంట వంతులవారీగా ఉండేదట, ఒక కుర్రాడి వంతు రోజు అన్నం మాడ్చేస్తే అందరూ నోరు మూసుకుని అదే తిన్నారట, ఆ మాడు వాసన తలుచుకుని ఇప్పటికీ నవ్వుతుంది. జైలు నుంచి ఇంటికొచ్చిన రోజున మాత్రం వాళ్లన్నయ్య ఖాళీ కంచం ముందు పెట్టుకుని కూర్చున్నాడట, చెల్లెలు వడ్డిస్తుందని. వడ్డించావా అన్నాను. చింతపండు గింజలు ఏరుకుంటూ కూర్చుంది.

నిజాం కాలంలో మొదలైన తెలంగాణ సాయుధ పోరాటంలోనూ ఇదే గోల. అందులో తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం తలకి 10,000 రూపాయల వెల కట్టారు, ఆమె తర్వాత ఎమ్మెల్యే అయింది, సరే. కానీ 1951లో పోరాటం ఆపేశాక ఇళ్లకు వెళ్లిపొమ్మంటే మళ్లీ పొయ్యి దగ్గరికే చేరినవాళ్లు ఎంతమందో. 1980ల్లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లు వెళ్లి కూర్చుని అడిగేదాకా వాళ్ల మాట పుస్తకంలోకి ఎక్కలేదు. అంటే ముప్పై ఏళ్లు పైనే.

నీ మూడో పేజీలో కాల్పులు సగానికి కొట్టెయ్. నెలసరి రోజుల్లో వాన పడితే ఏం చేసిందో, దళంలో ఆమెని ఎవరు ఏమని పిలిచారో రాయి. కంచం సంగతి మాత్రం వాడుకోకు, అది ఆ ముసలామెది. నీది నువ్వు వెతుక్కో, మీ గుణుపురంలోనూ సంత ఉంది కదా. వెళ్లగానే ఫోను తీసి రికార్డింగు పెట్టకు, ముందు అరకేజీ చింతపండు కొను.

మీ అక్క