సమాధానం: విండోస్ మళ్లీ వేశాక ల్యాన్ పనిచేయకపోతే

విండోస్ మళ్లీ వేశాక ల్యాన్ (కేబుల్‌తో వచ్చే నెట్) పనిచేయట్లేదని, శ్రీకాకుళంలో షాపువాడు మదర్‌బోర్డే పోయిందన్నాడని రాశారు. డివైస్ మేనేజర్‌లో (కంప్యూటర్‌లోని పరికరాల జాబితాలో) 'ఈథర్‌నెట్ కంట్రోలర్' (ల్యాన్ చిప్) పక్కన పసుపు గుర్తు ఉందని కూడా మీరే చెప్పారు. అలాగైతే బోర్డు మార్చే తొందర వద్దండీ.

స్టార్టయ్యేటప్పుడు విండోస్ పీసీఐ బస్సు (బోర్డు మీది పరికరాలను కలిపే దారి) మీద జనాభా లెక్కలవాళ్లలా ఒక్కో తలుపూ కొడుతుంది. అక్కడ పరికరం ఉంటే అది తన తయారీదారు నంబరు, మోడల్ నంబరు చెబుతుంది. లేకపోతే జవాబుగా అన్నీ ఎఫ్‌లే (FFFF) వస్తాయి. ఆ నంబర్లకు సరిపడే డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) తన దగ్గర దొరక్కపోతే విండోస్ ఇలా మామూలు పేరు పక్కన పసుపు గుర్తు పెడుతుంది. అంటే మీ చిప్ పలికింది, డ్రైవరే లేదు.

ఆ పసుపు గుర్తున్న పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. వెన్ (VEN, అంటే తయారీదారు) తర్వాత 10ఈసీ (10EC) ఉంటే రియల్‌టెక్, 8086 ఉంటే ఇంటెల్. డ్రైవర్ బోర్డు కంపెనీ సైటు నుంచే దించండి. 'అన్ని డ్రైవర్లూ ఒకేచోట' అనే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోకండి, వాటితో వచ్చే చెత్త తీయడానికి మరో రోజు పడుతుంది. నెట్ లేదు కదా, ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కు ఇచ్చే సదుపాయం) ఆన్ చేయండి. చాలా ఫోన్లకు దాని డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది.

విజయనగరం గంటస్తంభం దగ్గర మా స్నేహితుడి జెరాక్స్ షాపులోనూ ఇదే జరిగింది, పావుగంటలో అయిపోయింది.

డ్రైవర్ వేశాక షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ కొట్టండి. ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అయ్యే సదుపాయం) ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ తన కెర్నెల్‌ను (మూలభాగాన్ని) పాత స్థితిలోనే దాచుకుంటుంది. ఐడీ ఏం వచ్చిందో ఇక్కడ పెట్టండి, చూస్తాను.