భర్త దొంగల ముఠాలో ఉంటే భార్య మీదా కేసు పెడతారా?

ప్రశ్న: మాది బోరబండ. ఏడాదిన్నర క్రితం ఇంట్లోవాళ్లను కాదని గుళ్లో పెళ్లి చేసుకున్నాను. లోన్ రికవరీ ఏజెంటునని చెప్పాడు. నాలుగు నెలల క్రితం పోలీసులు పట్టుకెళ్లాకే అసలు సంగతి తెలిసింది. ఆరుగురు కలిసి రాత్రిళ్లు ఇళ్ల మీద పడి దోచుకునేవాళ్లట. ఇప్పుడు చంచల్‌గూడ జైల్లో ఉన్నాడు. అతను పెట్టిన గొలుసును అంతకుముందే నా పేరు మీద కుదువపెట్టాను. స్టేషన్‌కు రమ్మని ఫోన్లు వస్తున్నాయి. బయటున్న అతని మనుషులేమో ఒక బ్యాగు దాచమంటున్నారు. నన్నూ ఇరికిస్తారా? ఈ పెళ్లి నుంచి బయటపడే దారుందా?

జవాబు: అమ్మా, ముందు ఆ బ్యాగు ముట్టుకోవద్దు. మిగతావన్నీ తర్వాత.

ముఠా మనిషికి భార్య కావడం నేరం కాదు. దోపిడీదారులకు ఆశ్రయమిస్తే భారతీయ న్యాయ సంహిత 254వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. కానీ ఆశ్రయమిచ్చింది భార్య అయితే ఆ సెక్షన్ వర్తించదు. మొగుడికి ఇంత అన్నం పెట్టి తలుపేసుకున్నందుకు చట్టం మిమ్మల్ని పట్టుకోదు. అయితే ఈ మినహాయింపు భర్త వరకే. అతని స్నేహితులకు లేదు, సొమ్ముకు అసలే లేదు. ఐదుగురు, అంతకు మించి కలిసి దోచుకుంటే అది బందిపోటు దోపిడీ. ఆ సొమ్మని తెలిసీ దగ్గర పెట్టుకుంటే 317వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా పడొచ్చు.

గొలుసు దగ్గరే చిక్కు. కుదువపెట్టినప్పుడు మీకు తెలియదు కాబట్టి అది నేరం కాదు. ఇప్పుడు విడిపించి అమ్మినా, కరిగించినా, అతని మనుషుల చేతికిచ్చినా మాత్రం తప్పించుకోలేరు. షాపులో మీ సంతకం, ఆధార్ జిరాక్స్ ఉంటాయి. పోలీసులు రేపో మాపో అక్కడికి వెళ్తారు. అంతకంటే ముందే వకీలు ద్వారా పోలీసులకు రాతపూర్వకంగా తెలియజేసి, కుదువ రసీదు ఇచ్చి, ముట్టినట్టు రాయించుకోండి. అరెస్టు భయముంటే ముందస్తు బెయిల్‌కు వేయొచ్చు.

ఫోన్ చేశారని పరుగెత్తకండి, రాతపూర్వక నోటీసు అడగండి. సాక్షిగా అయితే మహిళను ఆమె ఉండే చోటే విచారించాలి. కాపురంలో భర్త మీతో చెప్పుకున్న మాటలు బయటపెట్టమని ఈ కేసులో కోర్టు కూడా బలవంతం చేయలేదు.

ఇక పెళ్లి. మొగుడు జైలుకెళ్తే విడాకులు వాటంతటవే వస్తాయని చాలామంది నమ్మకం. హిందూ వివాహ చట్టంలో అలాంటిదేమీ లేదు. మీకు పనికొచ్చేది 12వ సెక్షన్: ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించిన పెళ్లిని రద్దు చేయమని అడగొచ్చు. మోసం బయటపడిన ఏడాదిలోపే వేయాలి, రుజువు చేయాల్సింది మీరే. తెలిశాక ఇష్టపడి కాపురం చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. కాబట్టి బెయిల్ మీద వచ్చి బతిమాలితే మెత్తబడకండి. అప్పుడిక క్రూరత్వం లాంటి కారణాలతో విడాకులే గతి, అది ఏళ్లు పడుతుంది.

వకీలు ఫీజు గురించి టెన్షన్ వద్దు. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి, లేదా పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. పెళ్లి ఫొటోలు, కుదువ రసీదు, బ్యాగు దాచమన్నవాళ్ల మెసేజీలు వెంట తీసుకెళ్లండి. వాటిలో ఒక్కటి కూడా డిలీట్ చేయొద్దు.