ధ్యానాలు రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామమున వందనాలు. నువ్వు బైబిలు వచనం మీద రాసి పంపిన ధ్యానం చదివాను. భాష చక్కగా ఉంది. కానీ మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావని దేవుడు చెప్పే యిర్మీయా 29:11ని ఒక్కదాన్నే తెంపి తెచ్చావు.

ఆ మాట క్రీ.పూ. 597లో యూదా నుంచి బబులోనుకు చెరపోయినవాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోది. దాని పై వచనంలోనే, తిరిగి రావడానికి 70 ఏళ్ల గడువుంది. అంటే, ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే కన్నుమూస్తారు. అలాంటివాళ్లతో దేవుడు ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అంటున్నాడు. 13వ వచనంలో, పూర్ణమనస్సుతో వెదికితే నన్ను కనుగొంటారని మాటిస్తున్నాడు. ఇంటికి చేరకముందే, ఆ పరాయి నేల మీదే, ఆయన దొరుకుతాడు! నీ ధ్యానంలో ఉద్యోగం ఉంది, పెళ్లి ఉంది. ఆయన ఎలాంటివాడో ఒక్క ముక్క లేదు. నాకు బాధనిపించింది అక్కడే.

ఇకమీదట ఒక్కో ధ్యానానికి వారం తీసుకో. రోజూ అదే అధ్యాయం మొత్తం, పైకి చదువు. నోటుబుక్కులో ఎడమ పేజీ మీద దేవుడు ఏమన్నాడు, ఏం చేశాడు, దేనికి సంతోషించాడు, దేనికి నొచ్చుకున్నాడు, ఇవే రాయి. నీ ప్రశ్నలు, ఒప్పుకోలు, ప్రార్థన కుడి పేజీకి. మొదట్లో కుడి పేజీ గబగబా నిండి ఎడమది బోసిగా ఉంటుంది. మనకు మన సంగతులే ముందు గుర్తొస్తాయి కదా. మూడు రోజుల వరకు వ్యాఖ్యానం తెరవకు, నీకు ప్రశ్న పుట్టకముందే జవాబు చేతికొస్తుంది. నాలుగో రోజు మాత్రం తప్పకుండా తెరువు. చెర కాలం సంగతులు ఊహించి రాసేవి కావు.

ఏడాదిలో బైబిలంతా చదవాలని పట్టుబట్టావట. 1189 అధ్యాయాలు, రోజుకు మూడుకు పైనే. వారం తప్పితే ఇరవై దాటి పేరుకుంటాయి, ఇక కళ్లు పరుగెడతాయి గానీ మనసు వినదు. బాకీ తీర్చే పని పెట్టుకోకు, ఆగినచోటు నుంచే సాగు. అదీ బరువనిపిస్తే మార్కు సువార్త పట్టుకో: 16 అధ్యాయాలు, రోజుకొకటి, రెండుసార్లు.

రాసేవాళ్లకు ఇంకో ప్రమాదముంది. యోనా 4:2 చూడు. దేవుడు దీర్ఘశాంతుడని, కృపగలవాడని ప్రవక్త యోనాకు బాగా తెలుసు. నిర్గమకాండము 34:6లో దేవుడు తన గురించి తానే చెప్పుకున్న మాటలవి. 103వ కీర్తనలో అవే మాటలు స్తుతి అయ్యాయి, యోనా నోట ఫిర్యాదయ్యాయి. శత్రువుల పట్టణం నీనెవె మీద దేవుడు జాలిపడటం అతనికి గిట్టలేదు. వాక్యం మనకు రాతకు సరుకుగా మారితే మనమూ అక్కడే నిలబడతాం. అందుకే ఒక వచనం గట్టిగా తాకిన రోజున రాయకు. ఆ మాటలతోనే ప్రార్థించు. క్షమించమంటే, వెళ్లి ఆ మనిషితో మాట్లాడు. ఆయన చిత్తం చేయ నిశ్చయించుకున్నవాడికే ఆ బోధ ఎక్కడిదో తెలుస్తుందని యేసు చెప్పాడు (యోహాను 7:17). రాయడం మర్నాడు.

ఈసారి ధ్యానం పంపకు తమ్ముడూ, ఆ ఎడమ పేజీ పంపు.

ప్రభువునందు,
నీ అన్న