గీజరు డిగ్రీలు తగ్గిస్తే బిల్లు తగ్గుతుందా?

ప్రశ్న: మాది విశాఖ సీతమ్మధారలో అపార్ట్‌మెంటు. ఇద్దరం రిటైరయ్యాం, పెన్షన్ మీదే ఇల్లు నడుస్తోంది. మాంచెస్టర్‌లో ఉండే మా అబ్బాయి వాళ్ల ఇంటి గ్యాస్ బాయిలర్‌ను 75 డిగ్రీల నుంచి 55కి తగ్గించాడట, గ్యాస్ బిల్లు బాగా తగ్గిందట. మమ్మల్నీ గీజరు తగ్గించమంటున్నాడు. లేదంటే పది వేలు పెట్టి 5 స్టార్ గీజరు కొనేయమంటున్నాడు. మా 25 లీటర్ల పాత గీజరు రోజంతా ఆన్‌లోనే ఉంటుంది. జనవరి బిల్లు 240 యూనిట్లు. ఎండాకాలంలో ఏసీ వల్ల 420 దాటుతుంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ అబ్బాయి అక్కడ చేసింది సరైన పనేనండీ. కాకపోతే ఆ లెక్క మన గీజరుకు వర్తించదు.

వాళ్ల బాయిలర్ గ్యాస్ మండించి నీళ్లు కాచి, ఇల్లు వెచ్చగా ఉండటానికి రేడియేటర్లలోకి పంపుతుంది. గ్యాస్ మండినప్పుడు పొగతోపాటు ఆవిరి కూడా వస్తుంది. రేడియేటర్ల నుంచి తిరిగి వచ్చే నీళ్లు 55 డిగ్రీల లోపు ఉంటే ఆ ఆవిరి బాయిలర్‌లోనే చల్లబడి నీరవుతుంది, దానిలోని వేడి కూడా ఇంటికే దక్కుతుంది. నీళ్లు మరీ వేడిగా తిరుగుతుంటే ఆ వేడి గొట్టంలోంచి వీధిలోకి పోతుంది. అంటే అక్కడ డిగ్రీలు తగ్గిస్తే యంత్రం పనితీరే మెరుగవుతుంది.

మన గీజరుకు గొట్టమూ లేదు, పొగా లేదు. లోపల ఉన్న కాయిల్ తీసుకున్న కరెంటంతా నీళ్లకే వేడిగా ఇస్తుంది, 50లో పెట్టినా 75లో పెట్టినా అంతే. 860 లీటర్ల నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక యూనిట్ పడుతుంది. మీ కుళాయి నీళ్లు 24 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. 40 డిగ్రీల వేడితో 20 లీటర్ల బకెట్ నిండాలంటే 0.37 యూనిట్ కావాలి. గీజరు 75లో ఉంటే ఆరు లీటర్ల పైచిలుకు వేణ్నీళ్లు పట్టి మిగతాది చన్నీళ్లతో నింపుతారు. 60లో ఉంటే తొమ్మిది లీటర్లు పడతారు. బకెట్ అదే, మీటర్ తిరిగేదీ అంతే.

మరి డబ్బు ఎక్కడ పోతోంది? ఎవరూ స్నానం చేయని వేళల్లో. ట్యాంకులో నీళ్లు చల్లారుతుంటాయి, గీజరు మళ్లీ కాస్తుంటుంది. 45 డిగ్రీల తేడా ఉంటే రోజుకు ఎన్ని యూనిట్లు ఇలా పోతాయో స్టార్ లేబుల్ మీద రాసి ఉంటుంది. మీ దానికి 0.7 అనుకుందాం. బాత్రూమ్ 25 డిగ్రీలుంటే, 75లో నెలకు సుమారు 23 యూనిట్లు, 60లో 16 యూనిట్లు ఊరికే పోతాయి. అంటే డిగ్రీలు మార్చే మీటను తిప్పడం వల్ల మిగిలేది 7 యూనిట్లు. అదే స్నానానికి అరగంట ముందు స్విచ్ వేసి, నీళ్లు పట్టుకోగానే కట్టేస్తే 18 యూనిట్ల దాకా మిగులుతాయి.

ఇక్కడొక మెలిక ఉంది. చాలామంది మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి ‘యూనిట్ అయిదు రూపాయల లోపే కదా’ అనుకుంటారు. ఇప్పుడున్న శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 226 నుంచి 400 దాకా 8.75 చొప్పున పడతాయి. మీరు ఆదా చేసే యూనిట్ ఎప్పుడూ పై శ్లాబులోంచే పోతుంది. మీ 240లో ముందుగా తగ్గే 15 యూనిట్లు ఒక్కొక్కటి 8.75వి, ఆ తర్వాతవి 6 రూపాయలవి. సర్దుబాటు చార్జీలు పక్కన పెడితే మీట తిప్పితే నెలకు 60 రూపాయలు, స్విచ్ కట్టేస్తే 150 దాకా మిగులుతాయి. విశాఖలో గీజరు అవసరం ఎంత లాగినా నాలుగు నెలలు. ఏడాదికి ఆరు వందలు. దానికోసం పది వేల గీజరు కొంటే ఆ డబ్బు ఎప్పటికి తిరిగి రావాలి? పైగా స్విచ్ కట్టేసే ఇంట్లో 5 స్టార్‌కు ఆదా చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు. కాబట్టి ఇప్పుడు కొనకండి.

అలాగని మీటను 75లో వదిలేయమనడం లేదు, 60 దగ్గర పెట్టించండి. 60 పైన బోరు నీళ్ల సున్నం కాయిల్‌కు త్వరగా పేరుకుంటుంది, మనవలు వచ్చినప్పుడు కాలే ప్రమాదమూ ఎక్కువే. 60 డిగ్రీల నీళ్లు కూడా కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి కాబట్టి ముందు బకెట్‌లో చన్నీళ్లు పట్టండి. అలాగని 45కి దించి రోజంతా ఆన్‌లో ఉంచకండి, ఆ గోరువెచ్చదనంలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది. కొన్ని గీజర్లలో మీట కింది మూత లోపల ఉంటుంది. మీరు విప్పకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మెయిన్ ఆపాకే చేయించండి.

మీరు అడగకపోయినా నా కన్ను పడింది ఆ 420 మీదే. డిగ్రీలు మార్చితే నిజంగా డబ్బులొచ్చేది ఏసీ రిమోట్ దగ్గర. ఒక్క డిగ్రీ పెంచితే ఏసీ కరెంటు దాదాపు 6 శాతం తగ్గుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24లో మొదలవ్వాలన్న నిబంధనా అందుకే. మీ ఏసీ నెలకు 200 యూనిట్లు తాగుతోందనుకుందాం. 20లో పెడుతున్న వాళ్లు 24కి మారితే 48 యూనిట్ల దాకా మిగులుతాయి. 400 దాటిన 20 యూనిట్లకు 9.75 చొప్పున 195, మిగతా 28కి 8.75 చొప్పున 245, మొత్తం 440 రూపాయలు. గీజరు చలికాలమంతా మిగిల్చేదాంట్లో మూడొంతుల్లో రెండొంతులకు పైగా ఏసీ ఒక్క నెలలో ఇచ్చేస్తుంది. సముద్రపు ఉక్కపోతకు 24 చాలదనిపిస్తే ఫ్యాన్ కూడా నెమ్మదిగా తిరగనివ్వండి. ఒంటి మీద గాలి ఆడితే 25 కూడా హాయిగానే ఉంటుంది.

సోలార్ వాటర్ హీటర్ గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు. మీ డాబా ఉమ్మడిది, వాడకం నాలుగు నెలలు. వద్దు.

మీ పాత గీజరు కారడం మొదలైతే మాత్రం బాగుచేయించుకుంటూ కూర్చోకండి, అప్పుడు 5 స్టార్‌దే కొనండి. ఇద్దరికి 15 లీటర్లది సరిపోతుంది. కొట్లో నక్షత్రాల కింద ఉన్న ఆ చిన్న అంకె, అంటే రోజుకు ఊరికే పోయే యూనిట్లు, రెండు మూడు మోడళ్లలో పోల్చి చూసి తక్కువున్నది తీసుకోండి.